విలియం నాక్స్ డార్సీ: పర్షియా చమురుకు పెట్టుబడి పెట్టిన మనిషి

పర్షియా దేశపు నేలను ఒక్కసారియైనా త్రొక్కని ఒక ఆంగ్లేయుడు ఆ దేశపు భూగర్భంలోని చమురుపై అరువది సంవత్సరాల హక్కు సంపాదించాడు. తన సొంత ధనాన్ని నాలుగేండ్లపాటు ఆ నేలలో కుమ్మరించాడు. దివాలా అంచువరకు వెళ్ళి, ఇతరుల చేయూతతో నిలబడి, తుదకు మునుపటికంటె స్థిరమైన సంపదతో కన్నుమూశాడు. ఆయన పేరు విలియం నాక్స్ డార్సీ. నేడు ప్రపంచంలోని పెద్ద చమురు సంస్థలలో ఒకటైన బి.పి.కి మూలం ఆనాడు ఆయన పెట్టిన పెట్టుబడియే. మన కళాశాలలో వాణిజ్యశాస్త్రం చదివేవారున్నారు, ఉర్దూ, ఫారసీ సాహిత్యాలలో అభిరుచి గలవారున్నారు. ఈ జీవితచరిత్ర ఉభయులకూ అక్కరకు రాగలదని భావించి మేము దీనిని ఎన్నుకొన్నాము. చమురు, సహజవాయువుల అన్వేషణ చేసే కంపెనీలలో ధనం పెట్టడమంటే ఏమిటో, అందులోని నష్టం ఎవరిదో, లాభం ఎవరిదో ఈ ఒక్కని కథలో తేటతెల్లంగా కనిపిస్తుంది.

డార్సీ 1849 అక్టోబరు 11వ తేదీన ఇంగ్లండులోని డెవన్ మండలంలో, న్యూటన్ ఆబట్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. లండనులోని సుప్రసిద్ధమైన వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో బాలుని విద్యాభ్యాసం సాగింది. 1866లో ఆ కుటుంబం ఆస్ట్రేలియా ఖండానికి వలసపోయి, క్వీన్స్‌లాండు రాష్ట్రంలోని రాక్‌హాంప్టన్ పట్టణంలో స్థిరపడింది. డార్సీ కూడ న్యాయశాస్త్రం అభ్యసించి తండ్రి వృత్తిలోనే ప్రవేశించాడు. 1872లో ఎలీనా బర్క్‌బెక్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె తండ్రి గనుల ఇంజనీరు కావడం గమనింపదగినది. గుర్రప్పందాలపై మక్కువ, భూముల క్రయవిక్రయాలలో చొరవ మినహా ముప్పదేండ్లు నిండేవరకు ఆయన జీవితంలో చెప్పుకోదగిన విశేషమేమీ లేదు.

1882లో మోర్గాన్ సోదరులు ముగ్గురు రాక్‌హాంప్టనుకు సమీపంలోని ఒక ఇనుపరాతి కొండపై బంగారపు జాడ కనుగొన్నారు. కొండను త్రవ్వడానికి వారివద్ద ధనం లేదు. ఆ ఊరి బ్యాంకు మేనేజరు థామస్ హాల్‌ను ఆశ్రయించగా, ఆయన డార్సీని, విలియం పాటిసన్ అనే మరొక సంపన్నుని కలుపుకొని ఒక భాగస్వామ్యం ఏర్పరచాడు. బంగారాన్ని కనుగొన్న సోదరులు కొండ పూర్తి విలువ తేలకముందే తమ వాటాలను భాగస్వాములకు విక్రయించి తప్పుకొన్నారు. కొండకు మాత్రం వారి పేరు మిగిలింది. 1886లో మౌంట్ మోర్గాన్ గోల్డ్ మైనింగ్ కంపెనీ పది లక్షల వాటాలతో స్థాపితమైనప్పుడు అందులో 1,25,000 వాటాలు డార్సీ సొంత పేరున, మరి 2,33,000 వాటాలు ఆయన చేతిక్రింది ట్రస్టులోను ఉన్నాయి. 1888లో ఒక్కొక్క వాటా ధర 17 పౌండ్లు దాటింది. ఆ ధర నిలువలేదు. అయినను అప్పటికే డార్సీ కోటీశ్వరుడు. ఆయన సొత్తు విలువ ఒకప్పుడు అరువది లక్షల పౌండ్లకు పైబడినదని లెక్క.

ఈ మొదటి సంపద స్వభావాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి. బంగారపు గనిలో ధనం పెట్టేవానికి రాతి ముక్క చేతిలో ఉంటుంది. దానిని పరీక్షకు పంపితే టన్నుకు ఎన్ని ఔన్సుల బంగారముందో తెలుస్తుంది. కొండ కనులయెదుట నిలిచి ఉంటుంది. డార్సీ మౌంట్ మోర్గానులో ధనం పెట్టే నాటికి బంగారం ఉన్నదా లేదా అన్న సందేహం లేదు, ఎంత ఉన్నదనే సందేహమే ఉన్నది. ఆయన చేసిన రెండవ సాహసంలో ఈ సౌకర్యమేదీ లేదు.

1889లో డార్సీ ఇంగ్లండుకు తిరిగివచ్చాడు. లండను నగరంలో ఒక భవనం, నగరానికి వెలుపల స్టాన్‌మోర్ హాల్ అనే సౌధం, నార్‌ఫక్ మండలంలో వేటకు అనువైన ఎస్టేటు ఆయన ఏర్పరచుకొన్నాడు. స్టాన్‌మోర్ హాలు గోడలకోసం విలియం మారిస్ సంస్థవారు నేసిన చిత్రపటాలు కళాచరిత్రలో నేటికీ పేరు గలవి. ఎప్సమ్ గుర్రప్పందాల మైదానంలో తన కుటుంబానికి ప్రత్యేకమైన మేడ కట్టించుకొన్నాడు. 1897లో భార్య మరణించగా రెండేండ్ల పిదప నీనా బూసికాల్ట్‌ను వివాహమాడాడు. స్థూలకాయం, దట్టమైన మీసాలు, విందులు, వేటలు. చూచినవారికి ఆయన విశ్రాంతి తీసుకొంటున్న ధనికుడు మాత్రమే. అయితే ఒకసారి అదృష్టం వరించినవానికి రెండవసారి కూడ వరిస్తుందన్న నమ్మకం కలగడం మానవసహజం. ఆ నమ్మకం కోసం ధనం అవసరమైనవారు వెతుకుతూనే ఉంటారు.

అట్లు వెతికినవాడు కితాబ్జీ ఖాన్. పర్షియా కస్టమ్స్ శాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన ఈయన 1900వ సంవత్సరంలో పారిస్ ప్రదర్శన సందర్భంగా ఐరోపాకు వచ్చి, తమ దేశపు చమురు హక్కులు కొనగలవారిని అన్వేషించాడు. టెహరానులో పూర్వం బ్రిటిష్ రాయబారిగా ఉండిన హెన్రీ డ్రమ్మండ్ ఉల్ఫ్ ఆయనను డార్సీ వద్దకు పంపాడు. పశ్చిమ పర్షియాలో నేలనుండి చమురు ఊరుతున్న స్థలాలను గురించి ఫ్రెంచి పురాతత్త్వవేత్త జాక్ ద మోర్గాన్ అంతకుముందే వ్రాసి ఉన్నాడు. నఫ్త్ అనే మాట ఫారసీలో అతిప్రాచీనమైనది, నఫ్త్ ఊరే చోట్ల వెలిగిన అగ్నులను పార్సీల పూర్వులు కొలిచారు. అంటే చమురు జాడ ఎవరికీ తెలియని రహస్యం కాదు. నేలపై జాడ ఉన్నంతమాత్రాన నేలక్రింద నిధి ఉన్నట్లు కాదన్నదే చిక్కు. డార్సీ ఆనాటి చమురు నిపుణులలో అగ్రగణ్యుడైన బోవర్టన్ రెడ్‌వుడ్‌ను సంప్రదించి, ఒక భూగర్భశాస్త్రజ్ఞుని పర్షియాకు పంపి, అనుకూలమైన నివేదిక తెప్పించుకొన్నాడు. ఆపైన 1901లో తన ప్రతినిధిగా ఆల్ఫ్రెడ్ మారియట్‌ను టెహరానుకు సాగనంపాడు. తాను మాత్రం కదలలేదు.

ఆనాటి పర్షియా స్థితిని కొంత చెప్పక తప్పదు. కజారు వంశపు రాజులు ధనాభావంతో ఒక్కొక్క హక్కునే విదేశీయులకు ధారాదత్తం చేస్తూ వచ్చారు. 1890లో నాసిరుద్దీన్ షా పొగాకు వ్యాపారాన్ని మొత్తంగా ఒక ఆంగ్లేయునికి అప్పగించగా, మీర్జా షీరాజీ పేరుతో వెలువడిన ఫత్వాననుసరించి దేశమంతా హుక్కా మానివేసింది. 1892లో ఆ ఒప్పందం రద్దయింది. ఆ గుణపాఠం చల్లారక ముందే ఆయన కుమారుడు ముజఫ్ఫరుద్దీన్ షా చమురు విషయంలో అదే దారి పట్టాడు. ఉత్తరాన రష్యా చక్రవర్తి, దక్షిణాన భారతదేశాన్ని ఏలుతున్న ఆంగ్లేయులు, నడుమ అప్పులలో కూరుకొన్న షా. రష్యావారికి ముందుగా తెలిస్తే ఒప్పందం సాగదు. ఆనాడు టెహరానులో బ్రిటిష్ రాయబారిగా ఉన్న ఆర్థర్ హార్డింజ్ (మన దేశానికి వైస్రాయిగా వచ్చిన హార్డింజ్ వేరు) తన జ్ఞాపకాలలో ఒక చమత్కారమైన సంగతి చెప్పాడు. ప్రధానమంత్రి అతాబెక్ ఒప్పందపు వివరాలను రష్యా రాయబార కార్యాలయానికి లేఖద్వారా తెలియజేశాడట. అయితే ఆ లేఖను షికస్తా లిపిలో వ్రాయించాడట. ఆ లిపిని చదువగల ఏకైక రష్యా ఉద్యోగి ఆ సమయంలో ఊరిలో లేడు. అతడు తిరిగివచ్చి లేఖ విప్పేసరికి సంతకాలు ముగిశాయి. మన ఉర్దూ విభాగంలోని మిత్రులకు షికస్తా ఎంతటి ఇబ్బంది పెట్టగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

1901 మే 28వ తేదీన షా సంతకం చేసిన ఆ పత్రం ప్రకారం, ఉత్తరాన రష్యా సరిహద్దునంటిన అయిదు రాష్ట్రాలు మినహా యావద్దేశంలో, అనగా సుమారు 4,80,000 చదరపు మైళ్ళ భూభాగంలో, చమురు, సహజవాయువు వెదకి, తీసి, శుద్ధిచేసి, అమ్ముకొనే హక్కు 60 సంవత్సరాలపాటు డార్సీదే. ప్రతిఫలంగా షా ప్రభుత్వానికి 20,000 పౌండ్ల నగదు, మరి 20,000 పౌండ్ల విలువగల కంపెనీ వాటాలు, ఏటేట నికరలాభంలో 16 శాతం. ఆ దేశ ప్రజలను ఎవరూ అడుగలేదు. అడుగుటకు మజ్లిస్ కూడ అప్పటికి లేదు, అది ఏర్పడినది 1906లో.

ఈ పత్రాన్ని మన ఫిఖ్ గ్రంథాల దృష్టితో చూస్తే రెండు సంగతులు తోస్తాయి. నీటిలోని చేపను, ఆకాశంలోని పక్షిని పట్టక ముందే అమ్మరాదని, అది గరర్ అని ఫుఖహా చెప్పారు. ఉన్నదో లేదో తెలియని దానికి వెల కట్టడమే అందులోని దోషం. ముదారబాలో మాత్రం ధనమిచ్చినవాడు నష్టాన్ని తానే భరిస్తాడు, లాభం వస్తే ముందుగా ఒప్పుకొన్న వంతున పంచుకొంటారు. డార్సీ ఒప్పందానికి ఈ రెండవదాని పోలిక కొంత ఉన్నది. బావి ఎండితే ధనం డార్సీదే పోతుంది, షాది పోదు. అయితే పోలిక పూర్తిగా కుదరదు. లాభమెంతో లెక్క కట్టే పుస్తకం ఒక్క పక్షం చేతిలోనే ఉండిపోయింది. పర్షియా దేశానికి జరిగిన అన్యాయమంతా ఆ పుస్తకంనుండి పుట్టినదేనని మా అభిప్రాయం. దాని ప్రస్తావన మరల వస్తుంది.

త్రవ్వకం బాధ్యతను డార్సీ జార్జ్ రెనాల్డ్స్ అనే ఇంజనీరుకు అప్పగించాడు. ఈయన భారతదేశంలో ప్రజాపనుల శాఖలో పనిచేసి, సుమత్రాలో చమురు బావులు త్రవ్వించిన అనుభవం గలవాడు. వయస్సు అప్పటికే యాభై ఏండ్లు. నోరు కరకు, దీక్ష అపారం. మొదటి స్థలంగా ఒట్టొమన్ సరిహద్దుకు చేరువనున్న చియా సుర్ఖ్ నిర్ణయమైంది. సామగ్రిని ఓడలలో బస్రాకు, అక్కడనుండి టైగ్రిస్ నదిపై బాగ్దాదుకు, బాగ్దాదు నుండి కంచరగాడిదలపై కొండలు దాటించి చేర్చాలి. ఒక్క యంత్రభాగం విరిగితే మారుభాగం వచ్చుటకు నెలలు పడుతుంది. వేసవిలో వేడి ఫారన్‌హీటు మానంలో 120 డిగ్రీలు. నీరు చెడ్డది, మశూచి తిరుగుతున్నది, తెగల నాయకులు దారి సుంకం అడుగుతున్నారు. 1902 చివర త్రవ్వకం ఆరంభమైంది.

రెండు బావులకు 10,000 పౌండ్లు చాలునని డార్సీకి తొలుత చెప్పినవారున్నారు. నాలుగేండ్లలో ఆయన వెచ్చించినది రెండు లక్షల పౌండ్లకు మించింది. 1903లో ఫస్ట్ ఎక్స్‌ప్లాయిటేషన్ కంపెనీ అనే సంస్థను 6,00,000 పౌండ్ల మూలధనంతో నమోదు చేయించాడు. కాగితంపై మూలధనం ఎంత ఉన్నను ఖర్చు మాత్రం డార్సీ జేబులోనిదే. ఆ సంవత్సరంలోనే లాయిడ్స్ బ్యాంకులో ఆయన అదనంగా వాడుకొన్న మొత్తం 1,77,000 పౌండ్లకు చేరింది. బ్యాంకువారు మౌంట్ మోర్గాన్ వాటాలను తాకట్టుగా కోరారు. కనులయెదుట కనిపించిన బంగారపు కొండ, కనిపించని చమురుకోసం కుదువకు పోయింది.

1904 జనవరిలో చియా సుర్ఖ్‌లోని రెండవ బావిలో చమురు పడింది. రోజుకు 120 పీపాలు. డార్సీ పొంగిపోయాడు. కొన్ని నెలలలోనే ఆ ధార సన్నగిల్లి దాదాపు ఆగిపోయింది. అన్వేషణలో ధనం పెట్టేవారు ముఖ్యంగా నేర్వవలసినది ఇదేనని మేము తలుస్తాము. చమురు పడినదన్న వార్త వేరు, అమ్ముకొనుటకు చాలినంత చమురు ఏండ్ల తరబడి వస్తుందన్న సంగతి వేరు. ఈ రెంటి నడుమ ఎందరి సొమ్మో కరిగిపోయింది. ఇందుకు మన తీరమే సాక్ష్యం. కాకినాడకు ఎదురుగా సముద్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు ఉన్నదని 2005లో గుజరాత్ రాష్ట్ర సంస్థ ప్రకటించినప్పుడు దేశమంతా సంబరపడింది. తేలిన పరిమాణం అందులో కొద్దిభాగమే. అప్పుల భారంతో ఆ సంస్థ 2017లో తన 80 శాతం వాటాను ఓ.ఎన్.జి.సి.కి విక్రయించింది. 2002లో అదే కృష్ణా-గోదావరి లోతునీటిలో రిలయన్స్ సంస్థ కనుగొన్న వాయువు 2009లో వెలుపలికి రాసాగింది. ఒకటి రెండేండ్లలో శిఖరం చేరిన ఆ ఉత్పత్తి పిదప వేగంగా పడిపోయింది. శాస్త్రం ఎంత పెరిగినను, బావిని త్రవ్వి కొంతకాలం పారించి చూస్తేగాని నేల తన మాట చెప్పదు.

మరల డార్సీ కడకు వద్దాము. చేతిలో ధనం లేదు, బావిలో చమురు లేదు, హక్కు మాత్రం ఉన్నది. 1903 వేసవిలో మారియెన్‌బాడ్ నీటిబుగ్గల ఊరిలో ఆయనకు ఆడ్మిరల్ జాన్ ఫిషర్‌తో పరిచయమైంది. యుద్ధనౌకలు బొగ్గును విడిచి చమురుతో నడవాలన్నది ఫిషర్ పట్టుదల. నౌకాదళంవారు సానుభూతి చూపినను, 1,20,000 పౌండ్ల ఋణం కోసం డార్సీ చేసిన విజ్ఞప్తిని ఆర్థికమంత్రి ఆస్టెన్ చేంబర్లేన్ త్రోసిపుచ్చాడు. డార్సీ ఫ్రాన్సులోని రోత్స్‌చైల్డు కుటుంబంతో బేరం ఆరంభించాడు. సిడ్నీ రైలీ అనే బ్రిటిష్ గూఢచారి మతాచార్యుని వేషంలో వెళ్ళి ఆ బేరాన్ని చెడగొట్టాడని ఒక కథ వ్యాప్తిలో ఉన్నది. దానికి ఆధారమేదీ లేదు. నిజంగా జరిగినది అంతకంటె సాదా సంగతి. పర్షియా చమురు పరదేశీయుల పాలు కారాదని తలచిన నౌకాదళం ఒక స్వదేశీ కంపెనీని వెదకి డార్సీకి జోడించింది. అదే బర్మా ఆయిల్ కంపెనీ.

ఈ పేరు తెలుగువారికి క్రొత్త కాదు. రంగం వెళ్ళడమనే మాట మన కోస్తా జిల్లాలలో ఒక తరం జీవితమంతా పలికింది. కాకినాడ, విశాఖపట్నం రేవులనుండి ఓడలెక్కి రంగూను చేరిన వేలాది తెలుగు కూలీలు అక్కడి రేవులలో, బియ్యపు మిల్లులలో చెమటోడ్చారు. గ్లాస్గో వర్తకులు 1886లో స్థాపించిన బర్మా ఆయిల్ కంపెనీ యెనాంగ్యాంగ్ బావుల చమురును రంగూను చేరువనున్న సిరియంలో శుద్ధిచేసి, కిరసనాయిలుగా భారతదేశపు బజారులకు పంపేది. 1928లో అది షెల్ సంస్థతో కలసి బర్మాషెల్‌ను ఏర్పరచింది, 1976లో మన ప్రభుత్వం దానిని జాతీయం చేయగా అది భారత్ పెట్రోలియంగా మారింది. 1905లో ఈ కంపెనీ డార్సీకి చేయి అందించినది ఔదార్యంతో కాదు. పర్షియా చమురు ఇతరుల చేతిలో పడి భారతదేశపు బజారులోకి దిగితే తమ కిరసనాయిలుకు పోటీ అవుతుందన్న భయం వారికున్నది. మన పల్లెలలో బుడ్డిదీపాలకు కాసులిచ్చిన పేదల సొమ్ము, గ్లాస్గో ద్వారా, పర్షియా కొండలలో బావి త్రవ్వుటకు వెళ్ళిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1905 మే నెలలో కన్సెషన్స్ సిండికేట్ ఏర్పడింది. బర్మా ఆయిల్ 70,000 పౌండ్లవరకు వెచ్చించుటకు అంగీకరించింది. డార్సీ హక్కులో పెద్దభాగం చేజారింది. దీనిని ఓటమిగా చెప్పేవారున్నారు. మేము అట్లు తలచము. సంపూర్ణమైన హక్కును పట్టుకొని మునిగిపోవడంకంటె, వాటా తగ్గించుకొని త్రవ్వకాన్ని నిలుపుకోవడమే వివేకం. ఇప్పటికీ చిన్న అన్వేషణ కంపెనీలు చేసేది ఇదే. తమ వాటాలో కొంత పెద్ద కంపెనీకిచ్చి త్రవ్వకపు ఖర్చు దానిచేత పెట్టించుకొంటాయి. డార్సీ చేసిన పొరపాటు అమ్మడం కాదు. మొదటినుండీ ఒక్కడే భరించబూనడం పొరపాటు.

త్రవ్వకం ఇప్పుడు నైరుతి దిశకు, ఖూజిస్తానుకు మారింది. ఆ ప్రాంతం బఖ్తియారీ తెగల ఏలుబడిలో ఉన్నది. షా సంతకం అక్కడ చెల్లదు. ఏటికి 2,000 పౌండ్లు, చమురు పడితే కంపెనీలలో 3 శాతం వాటా ఇచ్చేటట్లు ఖానులతో వేరే ఒప్పందం చేసుకోవలసివచ్చింది. మామతైన్ వద్ద త్రవ్విన రెండు బావులు ఎండినవే. 1906లో దేశంలో రాజ్యాంగ విప్లవం, 1907 జనవరిలో షా మరణం, ఆగస్టులో రష్యా, బ్రిటన్ దేశాలు పర్షియాను పలుకుబడి మండలాలుగా పంచుకొన్న ఒప్పందం. ఆ ఏడాది చివర త్రవ్వకపు స్థలానికి కాపలాగా ఇరువదిమంది భారతీయ ఆశ్వికులతో బెంగాల్ లాన్సర్ల దళం వచ్చింది. దానికి నాయకుడు లెఫ్టినెంటు ఆర్నాల్డ్ విల్సన్.

రెనాల్డ్స్ ఎంచిన చివరి స్థలం మస్జిదే సులేమాన్. పురాతనమైన శిథిలాలను జనులు సులేమాన్ ప్రవక్తకు ఆపాదించి ఆ పేరు పెట్టుకొన్నారు. దాని ప్రక్కనే మైదానె నఫ్తూన్, అనగా చమురు మైదానం. 1908 జనవరిలో అక్కడ త్రవ్వకం మొదలైంది. గ్లాస్గోలో సహనం నశించింది. ఇకపై ఖర్చులో సగంగా 20,000 పౌండ్లు ఏప్రిల్ 30 లోపల ఇవ్వవలసినదని బర్మా ఆయిల్ డార్సీని కోరింది. ఆయనవద్ద అంత ధనం లేదు. గడువు గడచిపోయింది, డార్సీ మిన్నకున్నాడు. ఆ మౌనం వ్యూహమో నిస్సహాయతయో చెప్పలేము. మే 14న గ్లాస్గో నుండి రెనాల్డ్స్‌కు ఉత్తరం బయలుదేరింది. 1,600 అడుగులవరకు త్రవ్వి, చమురు లేకున్నచో పని నిలిపి, పనికివచ్చే సామగ్రిని రేవుకు చేర్చవలసినదని అందులోని ఆదేశం. ఆ ఉత్తరం చేరుటకు వారాలు పడుతుంది. ఈలోగా మే 26వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలవేళ, 1,180 అడుగుల లోతున చమురు తన్నుకొనివచ్చి డెర్రిక్కును మించి ఎగసింది. రహస్యలిపి పుస్తకం దగ్గర లేని విల్సన్, బైబిలు కీర్తనలలో భూమినుండి తైలం వెలువడే ప్రస్తావన గల వాక్యపు సంఖ్యలను మాత్రం తంతిలో పేర్కొని వార్త పంపాడు.

1909 ఏప్రిల్‌లో ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ స్థాపితమైంది. గ్లాస్గోలోను లండనులోను బ్యాంకుల వాకిళ్ళవద్ద వాటాలకోసం జనులు ఎగబడ్డారు. వారికి దొరికినవి ప్రాధాన్యవాటాలు, డిబెంచర్లు. సాధారణవాటాలలో అత్యధికభాగాన్ని బర్మా ఆయిల్ తనవద్దనే ఉంచుకొన్నది. ఎండిన బావుల కాలంలో ఒక్కరూ తలుపు తట్టలేదు, చమురు ఎగసిన పిదప అందరూ వచ్చారు, అప్పటికి పెద్దలాభం పంచబడిపోయింది. డార్సీకి పాత ఖర్చులకు, హక్కుకు బదులుగా బర్మా ఆయిల్ వాటాలు 1,70,000 లభించాయి. వాటి అప్పటి ధర 8,95,000 పౌండ్లు. క్రొత్త కంపెనీలో ఆయనకు డైరెక్టరు పదవి దక్కింది. పేరు మాత్రం దక్కలేదు. కంపెనీ పేరులో డార్సీ అన్న మాట లేనందుకు ఆయన భార్య మిక్కిలి నొచ్చుకొన్నది.

రెనాల్డ్స్‌కు దక్కినది మరింత తక్కువ. ఎండలో, రోగంలో, దొంగల భయంలో తొమ్మిదేండ్లు పనిచేసిన ఆయనను 1911లో కంపెనీ తొలగించింది. చేతిలో పెట్టినది 1,000 పౌండ్లు. నేటి వాటాదారుల జాబితాలలో ఇటువంటివారి పేర్లు ఎక్కడా కానరావు.

మస్జిదే సులేమాన్ నుండి అబాదానుకు 138 మైళ్ళ గొట్టపుదారి వేశారు. అబాదాను శుద్ధికర్మాగారంలో పనికి రంగూను నుండి, భారతదేశం నుండి నిపుణులైన కార్మికులను రప్పించారు. 1914లో చర్చిల్ నౌకాదళమంత్రిగా ఉండగా బ్రిటిష్ ప్రభుత్వం 22 లక్షల పౌండ్లు పెట్టి కంపెనీలో సగానికి మించిన వాటా తీసుకొన్నది. నౌకలకు చమురు చవుకగా అందే ఒప్పందం వేరే జరిగింది. ఇక్కడ ముందు చెప్పిన లెక్కల పుస్తకం అడ్డువస్తుంది. పర్షియాకు రావలసినది నికరలాభంలో 16 శాతం. నౌకాదళానికి చవుకగా అమ్మితే లాభం తగ్గుతుంది, పర్షియా వాటా తగ్గుతుంది. అనుబంధ కంపెనీల లాభం లెక్కకు వస్తుందా రాదా అన్నది మరొక వివాదం. 1915లో యుద్ధంలో గొట్టపుదారి తెగినందుకు నష్టపరిహారమంటూ చెల్లింపులే నిలిపివేశారు. 1920లో పది లక్షల పౌండ్లతో పాత బాకీ పరిష్కరించారు. 1932లో రజా షా డార్సీ ఒప్పందాన్ని రద్దుచేశాడు, 1933లో క్రొత్తది కుదిరింది. అదీ సంతృప్తినీయలేదు. 1951లో ముసద్దిఖ్ ప్రభుత్వం చమురును జాతీయం చేసింది, 1953లో ఆ ప్రభుత్వమే కూల్చబడింది. ఇరువదివేల పౌండ్ల నగదుతో మొదలైన బేరం ఇంతదూరం నడిచింది. ధనం పెట్టి నష్టానికి సిద్ధపడినవానికి లాభంలో వాటా న్యాయమే, దానిని మేము కాదనము. నేల ఎవరిదో వారికి లెక్కలు చూచే హక్కు లేకపోవడం మాత్రం ఏ న్యాయానికీ నిలువదు.

డార్సీ ఈ వివాదాలను చూడలేదు. కంపెనీ వ్యవహారాలలో క్రమంగా ఆయన ప్రమేయం తగ్గింది. డైరెక్టరుగా సమావేశాలకు హాజరవుతూ, వేటలతో పందాలతో చివరి ఏండ్లు గడిపాడు. 1917 మే 1వ తేదీన స్టాన్‌మోర్ హాలులో శ్వాసకోశవ్యాధితో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 67 సంవత్సరాలు. క్రొత్త ప్రాంతాలలో చమురు వెదకుటకై 1914లో ఆంగ్లో-పర్షియన్ కంపెనీ ఒక అనుబంధ సంస్థను స్థాపించి దానికి డార్సీ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీ అని పేరు పెట్టింది. 1939లో ఇంగ్లండులోనే, ఈక్రింగ్ వద్ద చమురు కనుగొన్నది ఆ సంస్థయే. మస్జిదే సులేమానులోని మొదటి బావిని ఇరాను వారు నేడు ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. 1908 నాటి యంత్రసామగ్రి అక్కడ సందర్శకులకు కనిపిస్తుంది.